రెండొందల ఏడు తిన్న దోమ

వరసలు తారుమారు చేశావన్నాడు పాండురంగారావు. పన్నెండేళ్ళుగా ఒక్క గింజ పక్క వరసలో పడనివ్వని జకరయ్యని నలుగురు కూలీల ముందు నిలబెట్టి మరీ అన్నాడు. అన్న మనిషి ఆ వరి మొలకల ట్రేలో ఏనాడూ ఒక గింజ వేసి ఎరగడు. వేలికి మట్టి అంటితే చెంబు వంచడానికి ఇంకొకరు ఉండాలి ఆయనకి. అయినా ఆయన ఆఫీసరు. ఆయన అన్నది మాట, జకరయ్య అన్నది సాకు.

"లేదండి. తైచుంగు రెండంచుల్లోనూ వేశానండి. ఆ మధ్యలో ఎండింది రెండొందల ఏడేనండి," అన్నాడు జకరయ్య.

"రెండొందల ఏడు ఎండదు."

"ఎండింది గదండి."

"అంటే అది రెండొందల ఏడు కాదన్నమాట. చదువులేనివాడికి చీటీలు అప్పగించడం నాదే తప్పు."

బాపట్ల శివారులో ఉన్న ఆ వరి క్షేత్రంలో జకరయ్య పని వరి దుబ్బుల రసం పీల్చే సుడిదోమని పెంచడం. తెనాలి నుంచి రేపల్లె దాకా రైతులు ఆ దోమని చంపడానికి వీపుల మీద మందు డబ్బాలు మోస్తుంటే, దానికి నారు పోసి, ఎండ తగలకుండా చూసి మేపే ఉద్యోగం ఆయనొక్కడిదే. తైచుంగు అనే రకం వరి దోమకి పాయసం లాంటిది. కుండీల్లో తైచుంగు పోసి, సన్న వల కొట్టిన పెట్టెల్లో పెట్టి, దాని మీద దోమని వృద్ధి చేస్తాడు. వారానికో రేకు ట్రేలో ఇరవై రకాల గింజలు ఇరవై వరసలుగా వేస్తాడు. ఏడు రోజుల మొలక మీద ఆ దోమని దులుపుతాడు. ఎనిమిది రోజులు తిరిగేసరికి ఓర్చుకోలేని వరసలు నిప్పు తగిలినట్టు కమిలిపోతాయి. ఓర్చుకున్నవి పచ్చగా నిలబడతాయి. ప్రతి ట్రేలోనూ రెండంచుల్లో తప్పక ఎండే తైచుంగు, నడుమ ఒక వరస రెండొందల ఏడు ఉంటాయి, మిగతావాటిని వాటితో పోల్చి చూడడానికి. రెండొందల ఏడు ఈ క్షేత్రంలో పుట్టిన రకమే. విత్తనం బయటికిచ్చి నాలుగేళ్ళయింది. బస్తా మీద 'దోమ పట్టదు' అని ఎర్రటి అచ్చు.

ఆ సోమవారం ఆ నడిమి వరస కమిలిపోయింది.

పాండురంగారావు జేబులోంచి మడత కాగితం తీశాడు. రోజుకూలీల్లో పర్మనెంటు చేయాల్సినవాళ్ళ పేర్లు అందులో ఉన్నాయి. నెలాఖరుకి అది పైకి వెళ్ళాలి. కాగితాన్ని ట్రే అంచు మీద పెట్టుకుని నాలుగోదైన జకరయ్య పేరు మీద గీత గీశాడు. గీత వంకర పోతే మళ్ళీ దిద్దాడు.

"ఈ దోమలు కూడా ఏం కలిసిపోయాయో ఏంటో. పెట్టెలన్నీ కిరసనాయిల్లో ముంచు. వచ్చే సోమవారానికి ఏదో ఒక పొలంలోంచి కొత్త దోమ పట్టుకురా. గింజ మాత్రం ఈసారి నేనే వేస్తాను, చీటీ నేనే రాస్తాను. నువ్వు ట్రే ముట్టుకోవద్దు."

అన్నట్టే ఆయన అప్పటికప్పుడు పీట మీద కూర్చుని ట్రేలో గింజలు వేశాడు. మేకులు కొట్టిన చెక్కని మట్టి మీద అదిమితే గుంటలు పడతాయి, గుంటకో గింజ వెయ్యాలి. ఆయన చెక్కని పక్కకి అదిమాడు. వరసలు ఏటవాలుగా పోయాయి. జకరయ్య చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. రెండుసార్లు వేళ్ళు వాటంతటవే ముందుకొస్తే మళ్ళీ వెనక్కి లాక్కున్నాడు. పని అయ్యాక కూలీల్లో ఒకతైన నాగమ్మ చెంబుతో నీళ్ళు వంచితే ఆఫీసరు చేతులు కడుక్కుని వెళ్ళిపోయాడు.

నాగమ్మది కూడా జకరయ్య పేటే, వాళ్ళ చర్చే. పెట్టెలు బయటికి మోయడానికి ఆమే చెయ్యేసింది. పెట్టెల కాళ్ళు నాలుగూ నాలుగు నీళ్ళ మూకుళ్ళలో ఉంటాయి, చీమలు ఎక్కకుండా. జకరయ్య అలవాటు కొద్దీ ముందు మూకుళ్ళలో నీళ్ళు నింపాడు.

"ఇంకెవరికి కాపలా అన్నాయ్? దోమల్నే ముంచేస్తుంటే," అంది నాగమ్మ.

"చీమ తినిపోతే చీమ ఖాతా. ముంచితే సారు ఖాతా. రెండూ కలవకూడదు."

నాగమ్మ నవ్వింది. "వేసవిలో తినిపోయింది గదా, అది చాల్లేదా?"

కిరసనాయిలు డబ్బా మూత తిప్పుతున్న జకరయ్య చెయ్యి ఆగింది. మే నెలలో ఆయన జ్వరంతో రెండు రోజులు రాలేదు. మూకుళ్ళు ఎండిపోయాయి. చీమలు ఒక్క పూటలో ఐదు పెట్టెలు ఖాళీ చేశాయి. ఆరో పెట్టెలో కొన్ని వందల దోమలు మిగిలాయి గానీ వాటికి వేద్దామంటే తైచుంగు లేదు. ఉన్న విత్తనం పుచ్చిపోయి మొలవలేదు. ఆఫీసరు సెలవులో ఉన్నాడు. చేతికందిన పచ్చని మొక్క రెండొందల ఏడు ఒక్కటే. దోమలు ఆకలికి చావడం చూడలేక ఆ కుండీల మీదే వదిలాడు.

"వారానికి పదకొండు మిగిలాయి. నువ్వేగా లెక్కపెట్టింది," అన్నాడు.

"నేనే. యూదా పోగా మిగిలిన శిష్యులంత మంది ఉన్నారని అంటే కోప్పడ్డావు కూడాను."

"తర్వాత కొత్త తైచుంగు వచ్చింది. ఆ పదకొండింటినీ దాని మీదకి మార్చాను. ఈ ఆరు పెట్టెలూ ఆ పదకొండింటి సంతానమే నాగమ్మా." పెట్టె వలకి మొహం ఆనించి చూశాడు. నువ్వుగింజల్లాంటి పిల్లలు, పొట్ట ఉబ్బిన పొట్టిరెక్కల తల్లులు, కాండం చుట్టూ పక్కపక్కకి నడుస్తున్నాయి. "రెండొందల ఏడు తిని బతకగలిగినవే మిగిలాయి. తినలేనివి అప్పుడే పోయాయి. వీటికది మామూలు కూడు. ట్రేలో నడిమి వరస ఎండక ఏం చేస్తుంది?"

"మరి ఆ మాట సారుతో చెప్పు."

"ఏమని? రెండొందల ఏడు మీద దోమని మేపానని చెప్పనా? పేరు మీద గీత గీశాడు, ఆ కాగితమే చింపేస్తాడు."

ఆరు పెట్టెల్లోని కుండీలన్నీ ఒక్కటొక్కటిగా తీసి తొట్టిలో ముంచాడు. మొక్కని దులిపి, ఆకు తిరగేసి చూసి, మళ్ళీ ముంచాడు. చెయ్యమన్న పని సగం చేసి కొన్ని దాచుకునే అలవాటు ఆయనకి లేదు. సాయంత్రానికి వల పెట్టెలు కడిగి ఎండలో బోర్లించాడు. పన్నెండేళ్ళలో మొదటిసారి అక్కడ మేత వేయాల్సిన ప్రాణి లేకుండా ఇంటికి నడిచాడు.

రాహేలు గడపలో కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. మొగుడు చెప్పినదంతా వింది. లిస్టు సంగతి, గీత సంగతి వింటూ ఈనెలు తీస్తూనే ఉంది. పదకొండు దోమల దగ్గర మాత్రం చేతిలో కాయ పక్కన పెట్టింది.

"పెట్టెలో ఒక్క వేసవికే అది రెండొందల ఏడు తినడం నేర్చుకుంది. పొలాల్లో నాలుగేళ్ళ నుంచీ అదే వరి గదయ్యా. అక్కడ నేర్చుకోదా?"

"నేర్చుకోవడం కాదే. నేర్చుకోలేనివి చస్తాయి. వెయ్యింటికో లక్షకో ఒకటి ముందే తినగలిగేది ఉంటుంది. అది మిగిలి పిల్లల్ని పెడుతుంది."

"పేరేదైతే ఏం. మనం వేసింది కూడా రెండొందల ఏడే గదా అంటున్నాను."

రాహేలుకి తల్లి ఇచ్చిన ఎకరం రేపల్లె దగ్గర కాలవ కింద ఉంది. ఆమె తమ్ముడు బాబూరావు చేస్తాడు. సగం గింజలు ఇంటికొస్తాయి. ఏడాది తిండి అదే. జకరయ్య అంతవరకూ పెట్టె గురించే ఆలోచించాడు గానీ ఆ ఎకరం ఆయనకి తట్టనే లేదు. రాహేలు లేచి చేట దులిపింది.

"ఆదివారం తెల్లారు బండికి పోదాం. ఒక ఆరాధన తప్పితే దేవుడేమీ అనుకోడు. ఆయనక్కూడా తెలుసు అది మన తిండని."

ఆదివారం బాపట్లలో రైలెక్కి తెనాలిలో దిగారు. ప్లాట్‌ఫారం మీద ఇడ్లీ తిని రేపల్లె ప్యాసింజరు ఎక్కారు. జకరయ్య సంచిలో ఆరు లాంతరు చిమ్నీలు, గుడ్డ పేలికలు, పురికొస, నోటితో పీల్చి పురుగుని పట్టే గాజుగొట్టం ఉన్నాయి. స్టేషన్లో దిగి కాలవ కట్ట వెంబడి గంటన్నర నడిచేసరికి ఎండ చురుక్కుమంది.

పైరు పొట్ట మీద ఉంది. గట్టు మీద నుంచి చూస్తే అద్దకం వేసినట్టు పచ్చగా ఉంది. బాబూరావు మురిసిపోయాడు.

"చూడు బావా, ఈ ఏడు పాతిక బస్తాలకి తగ్గదు."

జకరయ్య పంచె ఎగ్గట్టి చేలోకి దిగాడు. పైరుని రెండు చేతులా పాయ తీసి, దుబ్బు మొదట్లోకి వంగాడు. ఒక అరచెయ్యి నీళ్ళ మీద ఉంచి రెండో చేత్తో దుబ్బుని తట్టాడు. గోధుమరంగు పొట్టు రాలినట్టు నీళ్ళ మీద రాలాయి. రాలిన పొట్టు పక్కకి నడిచి మళ్ళీ కాండం ఎక్కింది.

"దుబ్బుకి నలభై ఉన్నాయి. ఎగరలేని పొట్టిరెక్కలవే ఎక్కువ. ఇక్కడే కాపురం పెట్టాయి," అన్నాడు.

"దోమేంటి బావా, రెండొందల ఏడుకి? బస్తా మీద అచ్చేశారు గదా."

"అచ్చు మనకి. దోమకి చదువెక్కడిది?"

పక్క చేలో గట్టు చెక్కిస్తున్న హనుమయ్య ఆ మాట విన్నాడు. ఆయనకి ఆరెకరాలు, అంతా రెండొందల ఏడే.

"ఏమయ్యా జకరయ్యా, బాపట్లలో జీతమిచ్చి దోమల్ని మేపించుకుంటున్నారట గదా. జేబులో వేసుకొచ్చి మా చేలో వదల్లేదు గదా?"

"లేదండి. మీవి మీకే ఉన్నాయండి. ఒక్క దుబ్బు పాయ తీసి చూసుకోండి."

"నా చేను నాకు తెలుసులే," అని హనుమయ్య కూలీల వైపు తిరిగాడు.

రాహేలు అప్పటికే చీర చెంగు నడుముకి దోపి గట్లన్నీ తిరిగొచ్చింది. కాలవ పక్కన ఆ ఎకరంలోనే మూలగా ఒక చిన్న మడి ఉంది. చుట్టూ గట్టు ఉంది. అందులో నట్టనడుమ చేటంత మేర పైరు పసుపెక్కి కూలబడి ఉంది. జకరయ్య వెళ్ళి దుబ్బు తడితే లెక్కకి అందలేదు. నీళ్ళ మీద తెట్టు కట్టింది.

చెయ్యాల్సింది జకరయ్య చెప్పాడు. నీళ్ళు తీసేసి చేను ఆరగట్టాలి. రెండు బారలకొకటి పాయలు తీసి గాలి పోనివ్వాలి. మందు ఆకుల మీద కాదు, దుబ్బు మొదట్లో పడాలి. రేపే కొట్టాలి.

"మూల మడితో మొదలెడతాను," అన్నాడు బాబూరావు.

జకరయ్య చేతిలో చిమ్నీల్ని అటూ ఇటూ తిప్పాడు. "అది ఒక్కటీ వారం ఆగితే... వీటిని రైల్లో తీసుకెళ్ళాలి. దార్లో చచ్చాయో, మళ్ళీ పట్టాలి. మందు కొడితే నా దగ్గర సారుకి చూపించడానికి ఏదీ ఉండదు."

"వారం ఆగితే మడి ఉండదు బావా. నీ సారు కోసం మా అక్క గింజలు తగలెడతావా?"

ఇద్దరూ రాహేలు వైపు చూశారు. పొలం ఆమెది. ఆమె పసుపెక్కిన పైరుని చూసింది, మొగుడి చేతిలో చిమ్నీలని చూసింది.

"మూల మడి ఉంచరా బాబూ. గట్టుకివతల మాత్రం ఒక్క దుబ్బు వదలకుండా కొట్టు."

చిమ్నీ ఒక వైపు గుడ్డ బిగించి, లోపల తడి వరి కాడలు పెట్టి, పీల్చే గొట్టంతో పట్టి ఊదడం మధ్యాహ్నం దాకా సాగింది. జకరయ్య దవడలు నొప్పెట్టాయి. రాహేలు పురికొస ముళ్ళు వేస్తూ పక్కనే కూర్చుంది. ఆమె అమ్మ చేతి గోంగూర, బాబూరావు భార్య పంపిన వేడి అన్నం గట్టు మీదే తిన్నారు. పొద్దు వాలుతుండగా బయల్దేరి వెనక్కి చూస్తే, కూలీలు వెళ్ళిపోయిన తన చేలో హనుమయ్య ఒక్కడే వంగి దుబ్బు పాయ తీస్తున్నాడు. వీళ్ళు చూస్తున్నారని తెలిసి నడుము పట్టుకుని నిలబడ్డాడు. జకరయ్య చూడనట్టు తల తిప్పుకున్నాడు.

తిరుగు బండిలో ఎదుటి సీటు ముసలమ్మ చిమ్నీల్ని అనుమానంగా చూసింది.

"ఏంటి నాయనా అవి?"

"దోమలండి."

ఆమె కాళ్ళు పైకి పెట్టుకుంది. "కుడతాయా?"

"మనల్ని కుట్టవమ్మా. మన అన్నాన్ని కుడతాయి."

సోమవారం పాండురంగారావు ట్రేలో మొలకలకి ఏడో రోజు. ఏటవాలు వరసలు ఏటవాలుగానే మొలిచాయి. చిమ్నీల్లో దోమ నూటికి పది కూడా చావలేదు. పొలంలోది కాబట్టి నేరుగా ట్రే మీదే వదిలి చూద్దామన్నాడు ఆఫీసరు. గుడ్డలు ఆయనే విప్పి దులిపాడు, వల ఆయనే మూసి తాళం వేసి చెవి జేబులో వేసుకున్నాడు.

ఆ ఎనిమిది రోజులూ జకరయ్య గడ్డి పీకాడు, కాలవలు బాగుచేశాడు. పొద్దున రాగానే, సాయంత్రం పోయేముందు వల బయట నిలబడి ఒక్క క్షణం చూసేవాడు. మూకుళ్ళలో నీళ్ళు మాత్రం ఎవరూ చెప్పకుండానే పోసేవాడు. మంగళవారం పొద్దున ఆఫీసరు తాళం తీసేసరికి ట్రేలో అంచు వరసలు రెండూ కమిలి ఉన్నాయి. నడిమి వరసా కమిలింది. దాని మొదట్లో ఆయన దస్తూరీతో ఆయన గుచ్చిన చీటీ ఉంది.

పాండురంగారావు చీటీ పీకి చదివాడు. మళ్ళీ గుచ్చాడు. 

"ఎక్కడి దోమ ఇది?"

"రేపల్లె దగ్గరండి. మా ఇంటిదాని పొలం. రెండొందల ఏడే వేశామండి."

"ఆ పెట్టెల్లోవి?"

ఇక దాచడానికేం మిగల్లేదు. జ్వరం, చీమలు, పుచ్చిన తైచుంగు, పదకొండు దోమలు అన్నీ చెప్పాడు జకరయ్య. ఆఫీసరు మధ్యలో అడ్డు రాలేదు. చివరికి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"పదకొండు అని కచ్చితంగా తెలుసా?"

"నాగమ్మ లెక్కపెట్టిందండి. నేనూ పెట్టానండి."

"అలాంటి దోమ దొరకాలని ఎందరో ఏళ్ళ తరబడి ఎదురు చూస్తారయ్యా. దాన్ని తట్టుకునే వరి కనిపెట్టాలంటే ముందు ఆ దోమ మన దగ్గరుండాలి. అవి..." అని తొట్టి వైపు చూశాడు.

"మీరు ముంచమన్నారు గదండి."

"ఒక్క కుండీ కూడా..?"

"లేదండి. అన్నీ ముంచానండి."

ట్రే మీద ఉన్నవి కూడా మొక్క ఎండిపోయి సగానికి సగం చచ్చాయి. మర్నాడు పాండురంగారావు తెల్లచొక్కాతో రేపల్లె ప్యాసింజరులో జకరయ్య పక్కన కూర్చున్నాడు. రాహేలు కూడా వచ్చింది. దారంతా ఆయన ఏవేవో అడిగాడు. పొట్టిరెక్కలవి ఎన్నాళ్ళకి కనపడతాయి, పిల్లలు ఎన్నిసార్లు కుబుసం విడుస్తాయి అని. అడిగినవన్నీ ఆయన పుస్తకంలో ఉండేవే. జకరయ్య మాత్రం తను కళ్ళారా చూసింది చెప్పాడు.

ఎకరం పచ్చగా ఉంది. బాబూరావు పాయలు తీసి, ఆరగట్టి, రెండుసార్లు కొట్టాడు. పక్కన హనుమయ్య ఆరెకరాల్లోనూ నీళ్ళు తీసేసి ఉన్నాయి. ఆయన దూరం నుంచి చెయ్యెత్తి, "జకరయ్యా, ఇంకోసారి కొట్టాలంటావా?" అని అడిగాడు. మూల మడిలో సగం మాత్రం గడ్డివాము మీద నిప్పురవ్వ పడ్డట్టు ఎర్రగా కాలి ఉంది.

పాండురంగారావు ప్యాంటు మడిచి దిగాడు. జకరయ్య చూపినట్టు అరచెయ్యి ఉంచి దుబ్బు తట్టాడు. చేతి నిండా దోమ, బురద. పైకొచ్చి చేతులు ముందుకు చాచి అటూ ఇటూ చూశాడు.

"కాలవ అదిగోండి సార్," అంది రాహేలు.

ఆయన వెళ్ళి కాలవలో తనే కడుక్కుని వచ్చాడు. బాబూరావు మందు డబ్బా పక్కనే పెట్టుకుని కాచుకుని ఉన్నాడు.

"ఈ మడి కొట్టొద్దు," అన్నాడు ఆఫీసరు. "ఇంకో పదిహేను రోజులు ఇలా వదిలేస్తే పెట్టెలు ఆరూ నిండుతాయి. ఈ దోమ పోతే మళ్ళీ ఎక్కడ వెతకను? జకరయ్యా, నువ్వు చెప్పు మీవాళ్ళకి."

"పొలం నాది కాదండి," అన్నాడు జకరయ్య.

రాహేలు గట్టు మీద గడ్డిపరక పీకి వేళ్ళకి చుట్టుకుంటోంది.

"పదిహేను రోజులంటే ఇక్కడ గింజ దక్కదు సార్."

"తెలుసమ్మా."

"దోమ కోసం మేము మడిని వదిలేస్తాం. మీరు మా ఆయన పేరు వదలకండి. అంతే."

పాండురంగారావు గట్టు మీద కూర్చున్నాడు. జేబులోంచి మడత కాగితం తీశాడు. మోకాలి మీద పెట్టుకుని, గీత పక్కనే నాలుగో పేరు మళ్ళీ రాసి, పక్కన పొడి సంతకం పెట్టాడు. తప్పు నాదేనని అనలేదు. అంటాడని వాళ్ళూ అనుకోలేదు. రాహేలు వంగి ఆ పేరు అక్షరం అక్షరం చదువుకుని, "సరేరా బాబూ, డబ్బా ఇంటికి తీసుకుపో," అంది.

సాయంత్రం బండిలో చిమ్నీలు ఆరూ జకరయ్య ఒళ్ళో ఉన్నాయి. రెండు ఆఫీసరు పట్టుకుంటానంటే ఇచ్చాడు. దుగ్గిరాల పసుపు బస్తాల వాసన బోగీ అంతా పరుచుకుంది. రాహేలు కిటికీకి తలానించి నిద్రపోయింది. జకరయ్యకి ఏదో పాట నోట్లో ఆడింది గానీ పక్కన ఆఫీసరు ఉన్నాడని పైకి అనలేదు.

పెట్టెలు నిండాయి. లిస్టు వెళ్ళింది. ఆ దోమ మీద పాండురంగారావు ఇంగ్లీషులో కాగితం రాశాడు. దోమ దొరికిన తాలూకా పేరు ఉంది అందులో. పట్టినవాడి పేరు లేదు, మడి ఊసు అసలే లేదు. జకరయ్య దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి మడత పెట్టి ఇచ్చేశాడు. నిండిన పెట్టెల కింద మూకుళ్ళలో నీళ్ళు చూసుకుని పనిలోకి వెళ్ళాడు.

డిసెంబరులో కోత. ఎకరంలో గింజ పట్టినదంతా కోసి కుప్ప వేశారు. మూల మడిలో ఎవరూ కొడవలి పెట్టలేదు. పోయింది సుమారుగా ఎంతో చెప్పబోయాడు బాబూరావు. రాహేలు ఒప్పుకోలేదు. కొలత గొలుసు తెప్పించి గట్టు నుంచి గట్టుకి కొలిపించింది.

పద్నాలుగు సెంట్లు.